ట్యాంకులో ఏటీఎఫ్ పోస్తే నాజిళ్లు శుభ్రమవుతాయా?

పాత డీజిల్ లారీలు నడిపేవాళ్ల ఫోన్లలో కొన్నేళ్లుగా ఏటీఎఫ్ గురించి, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఆయిల్ గురించి, ఒక మెసేజ్ తిరుగుతోంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇది: "లారీకి 20 ఏళ్లు దాటాయా? 200 లీటర్ల ట్యాంకుకు ఒక లీటరు ఏటీఎఫ్ పోయండి. అది దొరక్కపోతే టూ-టీ (టూ-స్ట్రోక్ బండ్ల) ఆయిల్, అదీ లేకపోతే ఇంజిన్‌లోంచి దించిన పాత ఆయిల్‌ని వడకట్టి పోయండి. ఇప్పటి డీజిల్‌లో సల్ఫర్ తీసేశారు కాబట్టి పంపు ఎండిపోతోంది, దానికి ఇదే విరుగుడు. నాజిళ్లు కడిగినట్టు అవుతాయి, పొగ తగ్గుతుంది, మైలేజీ 15 శాతం పెరుగుతుంది. చలికి స్టార్ట్ కాకపోతే కాస్త పెట్రోలు కలపండి. మిలిటరీ లారీలు ఏది పోసినా నడుస్తాయి. రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజిన్‌ని వేరుశనగ నూనె కోసమే తయారుచేశాడు. కంపెనీలు ఇవన్నీ చెప్పవు."

ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు, వాటికి డీజిల్ నెట్టే పంపులు బాగుచేసే బెంచి దగ్గర చాలాకాలం పనిచేశాను. ఈ మెసేజ్ చూపించి "అన్నా, పోయమంటావా?" అని అడిగినవాళ్లు లెక్కలేనంతమంది. ఇది పూర్తిగా అబద్ధమైతే ఒక్క మాటలో తేలిపోయేది. ఇందులో ప్రతి వాక్యం వెనకా ఎప్పటిదో, ఎక్కడిదో ఒక నిజం ఉంది. అందుకే ఒక్కొక్కటీ విప్పి చూడాలి.

మొదట సల్ఫర్ సంగతి, ఎందుకంటే మెసేజ్‌లో బలమంతా అక్కడే ఉంది. సల్ఫర్ తగ్గించిన మాట నిజం. అమెరికాలో రోడ్డు వాహనాల డీజిల్‌కి 2006 నుంచి 15 పీపీఎం (పది లక్షల వంతుల్లో 15) పరిమితి వచ్చింది, యూరప్‌లో 2009 నుంచి 10 పీపీఎం. దానివల్ల పంపులు దెబ్బతిన్న మాటా నిజమే. 1991లో స్వీడన్ బాగా శుద్ధిచేసిన డీజిల్‌ని మార్కెట్లోకి తెచ్చినప్పుడు రోటరీ పంపులు వరసగా అరిగిపోయాయి. అయితే అక్కడ లోపించింది సల్ఫర్ జిడ్డు కాదు. సల్ఫర్ తీయడానికి రిఫైనరీలో డీజిల్‌ని హైడ్రోజన్‌తో శుద్ధిచేస్తారు. ఆ పనిలో ఇనుముకి అతుక్కుని పలచని పొరలా కాపాడే ఆక్సిజన్, నైట్రోజన్ సమ్మేళనాలు కూడా పోతాయి. జారుడుగుణం ఇచ్చేవి అవే.

స్వీడన్ అనుభవం తర్వాత ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. జారుడుగుణాన్ని కొలవడానికి ఒక పరీక్ష వచ్చింది. 60 డిగ్రీల వేడిలో డీజిల్‌లో మునిగిన ఉక్కు పలక మీద చిన్న ఉక్కు గుండుని 75 నిమిషాలపాటు రుద్దుతారు. గుండు మీద పడిన అరుగుడు మచ్చ ఎంత వెడల్పు ఉందో మైక్రోస్కోపులో చూస్తారు. యూరప్ ప్రమాణం ప్రకారం అది 460 మైక్రాన్లు దాటకూడదు, అమెరికా ప్రమాణం ప్రకారం 520. ఈ పరీక్ష నెగ్గడానికి డీజిల్ బంకుకి చేరకముందే అందులో కొవ్వు ఆమ్లాలో, వాటి ఎస్టర్లో కలుపుతారు. అవి ఎంత తక్కువ కలుపుతారో పీపీఎం లెక్కలోనే చెప్పాలి. ఒకటి రెండు శాతం బయోడీజిల్ కలిసినా జారుడుగుణం బాగా పెరుగుతుంది. అంటే మెసేజ్ చెప్పే జబ్బుకి మందు డీజిల్‌లోనే కలిసి వస్తోంది.

పైగా "పంపు" అని ఒకే మాటలో తేల్చేశారు. పాత లారీల్లో ఎక్కువగా కనిపించే ఇన్‌లైన్ పంపులో క్యామ్‌షాఫ్ట్‌కి, బేరింగులకి ఇంజిన్ ఆయిలే అందుతుంది. డీజిల్ మీద ఆధారపడేవి దాన్ని నెట్టే ప్లంజర్లు, డెలివరీ వాల్వులు. పూర్తిగా డీజిల్‌తోనే తడిసేది రోటరీ పంపు. స్వీడన్‌లో దెబ్బతిన్నవి ఆ రకమే. తన లారీలో ఏ పంపు ఉందో తెలియకుండానే చాలామంది ఏటీఎఫ్ డబ్బా మూత తీస్తున్నారు.

పాత పంపులు కారడం మొదలవడానికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్నీ ఈ లెక్కలోనే వేసేస్తారు. పాత డీజిల్‌లో ఎక్కువగా ఉండే ఆరోమాటిక్స్ అనే హైడ్రోకార్బన్లకి అలవాటుపడి ఉబ్బిన నైట్రైల్ రబ్బరు సీళ్లు, కొత్త డీజిల్ తగలగానే కాస్త ముడుచుకుంటాయి. సందులోంచి డీజిల్ చెమరుస్తుంది. ఏటీఎఫ్‌లో సీళ్లని ఉబ్బించే రసాయనం ఉన్న మాట నిజమే, కానీ 200 లీటర్లలో ఒక లీటరు కలిపితే అది ఏపాటిది? సీలు కిట్టు మార్చడమే దారి.

ఇక "నాజిళ్లు కడిగినట్టు అవుతాయి" అన్న మాట. ఏటీఎఫ్‌లో డిటర్జెంట్ ఎక్కువ కాబట్టి మసిని కరిగిస్తుందని నమ్మకం. డిటర్జెంట్ అనగానే బట్టల సబ్బు గుర్తొస్తుంది కాబోలు. గేర్‌బాక్స్‌లో దాని పని వేరు. తిరుగుతున్న ఆయిల్‌లో పుట్టే మలినాలు గడ్డకట్టకుండా, అడుగున పేరుకోకుండా తేలుతూ ఉండేలా చూడటం. నాజిల్ మొన మీద ఉండేది 200 డిగ్రీలు దాటిన వేడిలో కాలి గట్టిపడిన కార్బన్. దాన్ని ఏటీఎఫ్ కరిగించలేదు. ఏటీఎఫ్‌లో సింహభాగం మామూలు బేస్ ఆయిలే. మిగతావి క్లచ్ పలకల పట్టు సరిచేసేవి, నురుగు ఆపేవి, ఎర్ర రంగు. ఆ పట్టు సరిచేసే పనికి 1970ల మొదటివరకూ స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారు. ఈ ద్రవాన్ని ఎవరు దేనికోసం తయారుచేశారో చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు. డీజిల్ నాజిళ్ల కోసం పనిగట్టుకుని తయారుచేసిన క్లీనర్ రసాయనాలు వేరే ఉన్నాయి, డీజిల్ కోసం అమ్మే అడిటివ్ డబ్బాల్లో ఉండేవి అవే.

మోతాదు లెక్క కూడా చూద్దాం. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం సుమారు 3 సెంటీస్టోక్‌లు అనుకుంటే, ఏటీఎఫ్‌ది 30 పైన. 200 లీటర్లలో ఒక లీటరు ఏటీఎఫ్ కలిస్తే ఆ 3 కాస్తా 3.04 అవుతుంది. ఎండ కాస్త తగ్గితే డీజిల్ చిక్కదనం అంతకంటే ఎక్కువే మారుతుంది. తేడా నిజంగా తెలియాలంటే పది శాతం పైన పోయాలి. అప్పుడు స్ప్రే చుక్కలు పెద్దవవుతాయి, సరిగ్గా కాలవు, నాజిల్ మొన మీద కొత్త మసి పడుతుంది. కడగడానికని పోసింది మురికి చేయడం మొదలుపెడుతుంది.

వడకట్టిన పాత ఇంజిన్ ఆయిల్ దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. బట్టలోంచి వడకడితే పోయేవి పుల్లలూ దారాలే. పంపు ప్లంజరుకీ అది కదిలే బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. ఆ ఆయిల్‌లోని మసి, ఇనుప పొడి బట్టనీ దాటతాయి, వాటిలో సన్నవి డీజిల్ ఫిల్టర్‌నీ దాటతాయి. నీరు, కూలెంటు కలిసి ఉంటే అదనం. వీటికన్నా కంటికి కనిపించనిది జింకు. ఇంజిన్ ఆయిల్‌లో అరుగుదల ఆపడానికి కలిపే జింకు సుమారు 1000 పీపీఎం ఉంటుంది. 200 లీటర్లకి ఒక లీటరు పోస్తే ట్యాంకులో జింకు 5 పీపీఎం. ఇప్పుడు ఇది వినండి: యూరప్‌లో కామన్ రైల్ (అన్ని నాజిళ్లకీ ఒకే పైపులోంచి ఎక్కువ ప్రెషరుతో డీజిల్ అందించే ఏర్పాటు) నాజిళ్లు ఎంత తొందరగా మసిబారుతాయో పరీక్షించే ఇంజిన్ టెస్టు ఒకటి ఉంది. అందులో నాజిళ్లని కావాలని పాడుచేయడానికి డీజిల్‌లో కలిపే జింకు 1 పీపీఎం. పాత మెకానికల్ నాజిల్ రంధ్రాలు పెద్దవి కాబట్టి అంత త్వరగా మూసుకుపోకపోవచ్చు. అయినా నాజిల్ శుభ్రం చేయడానికి జింకు పోయడమేమిటి?

"ఇంజిన్లు చేసే కమిన్స్ కంపెనీయే పాత ఆయిల్‌ని డీజిల్‌లో కలిపే ఏర్పాటు పెట్టింది కదా" అని ఒకాయన నాతో వాదించాడు. నిజమే, సెంటినెల్ అని ఒక వ్యవస్థ ఉండేది. అది నడుస్తున్న ఇంజిన్‌లోంచి ఆయిల్‌ని కొద్దికొద్దిగా, కొలిచి తీసి డీజిల్‌లో కలిపేది, ఆ లోటుని కొత్త ఆయిల్‌తో నింపేది. ఎగ్జాస్ట్‌లో ఫిల్టర్లు రాని రోజుల ఏర్పాటు అది. దానికీ, డ్రమ్ములో నెలల తరబడి పడి ఉన్న ఆయిల్‌ని మగ్గుతో పోయడానికీ పోలికే లేదు.

టూ-టీ ఆయిల్ ఈ మూడింటిలో తక్కువ హాని చేసేది. మంచి రకాల్లో బూడిద తక్కువ, పడవ మోటార్లకి వాడే టీసీ-డబ్ల్యూ3 రకంలో దాదాపు ఉండదు. పెట్రోలుతో కలిసి కాలిపోవడానికే తయారైన ఆయిల్ కదా. జారుడుగుణం కొంత పెంచుతుంది కూడా. సరైన డీజిల్ దొరికే చోట ఆ అవసరం లేదు, అంతే.

మైలేజీ 15 శాతం. దీనికి నాజిల్ విప్పక్కర్లేదు, కాగితం చాలు. ఒక లీటరు ఆయిల్‌లో ఉండే వేడి దాదాపు ఒక లీటరు డీజిల్‌లో ఉండేంతే. అంటే పోసిన లీటరు తన వంతు లీటరులా కాలుతుంది. మరి అదనంగా 15 శాతం ఎక్కడినుంచి రావాలి? ఇప్పటిదాకా కాలకుండా వృథా అవుతున్న డీజిల్‌లోంచి రావాలి. ఒక మాదిరిగా ఉన్న డీజిల్ ఇంజిన్‌లో పోసిన ఇంధనంలో 98 శాతానికి పైగానే కాలుతుంది. నల్లగా కనిపించే పొగ బరువు తూచితే చాలా తక్కువ. మిగిలిన ఆ ఒకటి రెండు శాతాన్ని పూర్తిగా రాబట్టినా 15 రాదు. అంత తేడా నిజంగా వచ్చిందంటే దాని కారణం ట్యాంకులో ఉండదు. టైరు గాలి, లోడు, ఎక్కిన ఎత్తులు, అంటుకుపోయిన బ్రేకులు, లేదా ట్యాంకు నింపిన తీరు చూసుకోవాలి.

పెట్రోలు గురించి పొడుగ్గా చెప్పను. కొన్ని పాత జర్మన్ డీజిల్ కార్ల పుస్తకాల్లో గడ్డకట్టే చలికి 30 శాతం వరకూ కలపవచ్చని ఉండేది. ఆ రోజుల్లో చలికాలం డీజిల్ అన్నిచోట్లా దొరికేది కాదు. మామూలు డీజిల్ ట్యాంకులో ఆవిరి అంటుకోవడానికి చాలనంత పలచగా ఉంటుంది. పెట్రోలు కొంచెం పడినా ఆ ఆవిరి మండే స్థాయికి వస్తుంది. పంపుకి జారుడుగుణం తగ్గుతుంది, డీజిల్ తనంత తాను అంటుకునే గుణమూ తగ్గుతుంది, ఇంజిన్ కొట్టుకునే చప్పుడు (నాక్) పెరుగుతుంది. అసిటోన్ కలపమనేవాళ్లూ ఉన్నారు. అది నైట్రైల్ సీళ్లనీ, ఖరీదైన వైటాన్ రబ్బరు సీళ్లనీ రెండింటినీ పాడుచేస్తుంది.

మిలిటరీ లారీలంటే, అమెరికా సైన్యంలోని ఎం35 లాంటివి. అవి నిజంగానే పలు ఇంధనాలతో నడిచేవి, ఎందుకంటే వాటి ఇంజిన్‌ని ఆ పనికోసమే కట్టారు. కంప్రెషన్ 22కి 1. ఇంధనం సాంద్రత మారితే పంపు పంపే మోతాదుని సరిచేసే పరికరం వేరే ఉండేది. మీ లారీలో అది లేదు.

వేరుశనగ నూనె కథ 1900 పారిస్ ప్రదర్శనది. అక్కడ ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ని ఆ నూనెతో నడిపారు. నడిపింది ఒట్టో కంపెనీ, అడిగింది ఫ్రెంచ్ ప్రభుత్వం. ఆ ఇంజిన్‌ని ఖనిజ నూనె కోసమే కట్టారనీ, ఏమీ మార్చకుండా వేరుశనగ నూనెతో నడిపి చూశారనీ రుడాల్ఫ్ డీజిలే తర్వాత రాశాడు. ప్రదర్శనలో కాసేపు నడవడం వేరు, లక్షల కిలోమీటర్లు నడవడం వేరు. పచ్చి నూనె డీజిల్ కన్నా పది రెట్లు చిక్కన. అది నాజిళ్ల మీద మసి కడుతుంది, రింగులు పట్టేస్తాయి, కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ని జిగురు చేస్తుంది. అందుకే దాన్ని బయోడీజిల్‌గా మార్చి వాడతారు.

"20 ఏళ్లు దాటితే" అన్న షరతు కూడా ఇప్పుడు ప్రమాదమే. ఈ సలహా పుట్టినప్పుడు పాత లారీ అంటే మెకానికల్ పంపు. కానీ కామన్ రైల్ లారీల్లోకి 1995లోనే వచ్చింది, జపాన్‌లో హినో రేంజర్‌తో. అంటే ఈరోజు 20 ఏళ్ల లారీలో కూడా వెయ్యి బార్ దాటే ప్రెషరు, ఎలక్ట్రానిక్ ఇంజెక్టర్లు ఉండొచ్చు. బానెట్ కిందికి చూడకుండా వయసు చూసి పోస్తే నష్టం పెద్దది.

మరి పోసినవాళ్లు బాగైందని ఎందుకంటారు? అందరూ అబద్ధాలాడరు. చాలామంది ఫిల్టర్ మార్చేటప్పుడు కొత్త ఫిల్టర్‌ని ఏటీఎఫ్‌తో నింపి బిగిస్తారు. మొదటి కొన్ని నిమిషాలు ఇంజిన్‌కి అందేది దాదాపు ఏటీఎఫే. అరిగిన ప్లంజర్లలో ఆ చిక్కటి ద్రవం లీకు తగ్గిస్తుంది, చప్పుడు మెత్తబడుతుంది. తర్వాత బాగుండేది కొత్త ఫిల్టర్ వల్ల, పేరు మాత్రం ఏటీఎఫ్‌కి.

ఒక డ్రైవరు మూడు నెలలు వరసగా ఏటీఎఫ్ పోసి, పొగ తగ్గలేదని లారీ తెచ్చాడు. ఆరు నాజిళ్లూ టెస్టరు మీద పెట్టాను. 200 బార్‌కి తెరుచుకోవాల్సినవి నాలుగు 170 దగ్గరే తెరుచుకుంటున్నాయి, మిగతా రెండూ చుక్కలు కారుస్తున్నాయి. స్ప్రింగులు వదులైతే ఏ ద్రవం బిగించగలదు? నాలుగింటికి స్ప్రింగు బిగించే పలచని బిళ్లలు (షిమ్‌లు) వేసి, రెండు నాజిళ్లు మార్చి, టాపెట్లు సరిచేసి పంపాను. క్యాబిన్‌లో సగం ఏటీఎఫ్ డబ్బా మిగిలింది, ఏం చేయాలని అడిగాడు. పవర్ స్టీరింగ్‌లో పోసుకోమన్నాను.