ఫార్వర్డ్ మెసేజ్‌లోని షామొనీ వేరు, నేను స్కీ నేర్చుకున్న షామొనీ వేరు

డిసెంబరు వచ్చిందంటే జెనీవాలో ఉన్న మా తెలుగువాళ్ళ ఫోన్లలో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఎవరు రాశారో తెలీదు. ఈసారి నాకు నాలుగుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది మ్యూనిక్‌లో ఉన్న మా పిన్ని కొడుకు, "అక్కా, నువ్వెళ్ళేది ఇక్కడికేగా?" అంటూ. నాలుగోసారి తెనాలి నుంచి మా నాన్న. ఆయన కింద ఒక్క ముక్క చేర్చారు: "అమ్మాయ్, అటు పోమాకండి."

మెసేజ్ సారాంశం ఇదీ: "ఫ్రాన్సులోని షామొనీ స్కీలో ఆరితేరినవాళ్ళ ఊరు, కొత్తవాళ్ళు కాలు పెట్టొద్దు. అక్కడన్నీ నల్ల పిస్టులే. ముప్పై దాటాక స్కీ రాదు. తప్పదనుకుంటే స్నోబోర్డు పట్టుకోండి, అది తేలిక. ఏటా మంచు చరియల కింద పడి పోతూనే ఉంటారు, హోమీ భాభాని మింగిన కొండ అది. పైగా కోటీశ్వరుల ఆట. కేబుల్ కారెక్కి ఫొటోలు దిగి వచ్చేయండి, పెద్దవాళ్ళకీ పిల్లలకీ అదే క్షేమం."

పూర్తి అబద్ధమైతే నవ్వి ఊరుకునేదాన్ని. అక్కడక్కడా నిజం ఉంది, అదే చిక్కు. నేను ముప్పై ఎనిమిదో ఏట ఆ లోయలోనే మొదటిసారి స్కీ కట్టాను. ఆరేళ్ళుగా ప్రతి చలికాలం వెళ్తున్నాను. ఇప్పటికీ నల్ల పిస్టు, అంటే అన్నిటికన్నా కష్టమైన స్కీ దారి, దాని జోలికి పోను. ఆ మాత్రం అనుభవంతోనే ఒక్కో మాటకీ జవాబు చెప్తున్నాను.

"కొత్తవాళ్ళు కాలు పెట్టొద్దు"

షామొనీ అంటే ఒకే ఒక స్కీ కొండ అనుకోవడంలోనే తప్పు ఉంది. అది ఆర్వ్ నది పారే పొడుగాటి లోయ. దిగువన లెజూష్, మధ్యలో షామొనీ ఊరు, ఎగువకి వెళ్తే లె ప్రా, అర్జాంతియేర్, లె తూర్, కనుమ దాటితే వలోర్సీన్. స్కీ కొండలు ఆ దారి పొడుగునా విడివిడిగా ఉంటాయి. బ్రెవాన్, ఫ్లెజేర్ మాత్రం ఒకదానితో ఒకటి రోప్‌వేతో కలుస్తాయి. మిగతా కొండలకి వెళ్ళాలంటే స్కీలు విప్పి భుజాన వేసుకుని బస్సో రైలో ఎక్కాల్సిందే.

ఈ లోయకి ఉన్న పేరంతా ఎత్తుల వల్ల వచ్చింది. 1786లో ఆల్ప్స్‌లోకెల్లా ఎత్తైన మాంట్ బ్లాంక్ మొదటిసారి ఎక్కిన ఇద్దరూ, బాల్మా, పకార్, ఈ ఊరివాళ్ళే. కొండ దారి చూపేవాళ్ళ సంఘం ఇక్కడ 1821 నుంచీ ఉంది. మొదటి శీతాకాల ఒలింపిక్స్ 1924లో జరిగింది ఇక్కడే. ఇక వలే బ్లాన్ష్ సంగతి సరేసరి. 3,842 మీటర్ల ఏగ్వీ ద్యు మిది శిఖరం నుంచి హిమనదం మీదుగా ఇరవై కిలోమీటర్ల దాకా దిగే దారి. దానికి గుర్తులు ఉండవు, కాపలా ఉండదు, మంచు కింద పగుళ్ళు ఉంటాయి. అసలు స్కీ మొదలుపెట్టే ముందే కత్తి అంచులాంటి గట్టు మీద తాడు పట్టుకుని నడిచి దిగాలి. గైడు లేకుండా కొత్తవాళ్ళు అటు చూడనే కూడదు. అర్జాంతియేర్ పైనున్న గ్రాన్ మొంతే కొండ కూడా మనలాంటివాళ్ళకి కాదు.

మెసేజ్ రాసినాయన ఈ రెండూ చూసి లోయ మొత్తానికీ తీర్పు ఇచ్చేశాడు. లె తూర్ పక్కన లా వోర్మేన్ అని ఒక మైదానం ఉంది, ఏటవాలు ఎంత తక్కువంటే, పట్టు తప్పినా కాసేపటికి వాళ్ళంతట వాళ్ళే ఆగిపోతారు. షామొనీ ఊళ్ళోనే లె ప్లనార్, బ్రెవాన్ రోప్‌వే పాదం దగ్గర ల సవోయ్, అర్జాంతియేర్‌లో లె షొజాలే, వలోర్సీన్‌లో లా పోయా, లెజూష్‌లో ల తూర్షే. ఇవన్నీ కేవలం నేర్చుకునేవాళ్ళ కోసమే. అక్కడ నాలుగు రోజులు గడిస్తే లె తూర్ పైన బాల్మ్ కొండ ఉంది. చెట్లు లేని విశాలమైన వాలు, ఎక్కువగా నీలం పిస్టులు, అంటే తేలిక దారులు. మబ్బు కమ్మి ఎదుట ఏమీ కనబడని రోజున లెజూష్ అడవి పిస్టులు నయం. చెట్లు అటూ ఇటూ ఉంటే కంటికి ఆధారం దొరుకుతుంది.

మెసేజ్‌లో ఉండాల్సిన అసలు హెచ్చరిక ఒకటుంది, అది మాత్రం లేదు. బ్రెవాన్ నుంచీ, ఫ్లెజేర్ నుంచీ కిందికి లోయలోకి దిగే పిస్టులు నలుపు. పైన నీలం పిస్టుల మీద రోజంతా హాయిగా తిరిగి, సాయంత్రం "ఇంటికి స్కీ మీదే పోదాం" అనుకున్నవాళ్ళకి అక్కడ మోకాళ్ళు వణుకుతాయి. దిగడానికీ రోప్‌వే ఎక్కండి. ఏ సాయంత్రం చూసినా క్యూలో సగం మంది స్కీలు చేత్తో పట్టుకుని నిలబడే ఉంటారు, నామోషీ ఏమీ లేదు.

"అన్నీ నల్ల పిస్టులే"

పిస్టు అంటే గుర్తులు పెట్టి, రాత్రిపూట యంత్రంతో చదును చేసి, గస్తీ తిరిగే దారి. ఫ్రాన్సులో తేలిక నుంచి కష్టానికి నాలుగు రంగులు: పచ్చ, నీలం, ఎరుపు, నలుపు. స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల్లో పచ్చ ఉండదు, నీలంతోనే మొదలు. మా తమ్ముడు ఆస్ట్రియాలో నేర్చుకున్నాడు కాబట్టి ఇక్కడి పచ్చ బోర్డు చూసి "ఇది నడకదారా అక్కా?" అన్నాడు.

రంగు చెప్పేది వాలు సంగతి, ఆ పూట మంచు సంగతి కాదు. బ్రెవాన్, ఫ్లెజేర్ వాలులు ఎండ తగిలేలా దక్షిణం వైపుకి తిరిగి ఉన్నాయి. మార్చి నెలలో ఉదయం తొమ్మిదింటికి అక్కడి నీలం పిస్టు గాజుపలకలా ఉంటుంది, పదకొండుకి వెన్నలా, రెండింటికి నానబెట్టిన అటుకుల్లా. అదే పిస్టు, అదే రంగు.

పేర్లని అసలు నమ్మకండి. లెజూష్‌లో 'వేర్త్' అని ఒకటుంది. ఫ్రెంచిలో వేర్త్ అంటే పచ్చ. తీరా చూస్తే అది ప్రపంచకప్ డౌన్‌హిల్ పోటీలు జరిగిన నల్ల పిస్టు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో అందులో పచ్చదనం అంత.

"ముప్పై దాటాక రాదు"

నా మొదటి రోజు చెప్తాను. అద్దె దుకాణంలో కుర్రాడు బరువెంత అని అడిగాడు. అలవాటుగా ఐదు కిలోలు తగ్గించి చెప్పాను. పక్కనే ఉన్న మా ఆయన దగ్గాడు. ఆ కుర్రాడు నవ్వి, అడిగేది ఊరికే కాదన్నాడు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మన నైపుణ్యం, వీటిని బట్టి బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు సరిచేస్తారట. తక్కువ చెప్తే ఉత్తపుణ్యానికి ఊడుతుంది. బరువు ఎక్కువ చెప్పినా, "నాకు బాగా వచ్చు" అని గొప్పలు పోయినా, పడ్డప్పుడు ఊడదు, మోకాలు తిరుగుతుంది. అప్పటికప్పుడు నిజం చెప్పేశాను.

రెండో పొరపాటు సాక్సులది. చలి అని రెండు జతలు తొడిగాను. ఆ బూటు సిమెంటు కట్టు లాంటిది. లోపల మడతపడ్డ గుడ్డ రక్తం ఆడనివ్వలేదు, గంటకల్లా వేళ్ళు తిమ్మిరెక్కాయి. పొడుగైన పల్చటి జత ఒక్కటి చాలు.

ఇక లా వోర్మేన్ దగ్గర టెలెస్కీ. పైన తిరిగే తీగకి ఒక కడ్డీ, దాని చివర పళ్ళెం లాంటి బిళ్ళ. దాన్ని తొడల మధ్య పెట్టుకుని నిలబడితే పైకి లాక్కుపోతుంది. అక్కడ మనవాళ్ళందరూ చేసే పని నేనూ చేశాను, కుర్చీ అనుకుని కూర్చున్నాను. కడ్డీ సాగింది, నేను మంచులో వెల్లకిలా పడ్డాను. వెనకున్న ఐదేళ్ళ పిల్ల నా పక్కనుంచి తప్పుకుని పైకి వెళ్ళిపోయింది, వెనక్కి తిరిగి చూడనైనా లేదు. మూడోసారికి వచ్చింది.

మధ్యాహ్నానికి ఎర్రకోటు గురువుగారు ఆగడం నేర్పారు. స్కీల ముందు కొనలు దగ్గరకి తెచ్చి, వెనక కొనలు ఎడం చేసి, లోపలి అంచుల మీద బరువు వేయాలి. పిల్లలకి దీన్ని పిజ్జా ముక్క అని చెప్తారు. నేను సమోసా అనుకున్నాను, పని చేసింది. నాలుగో రోజు బాల్మ్ మీద నీలం పిస్టు పైనుంచి కిందిదాకా దిగాను, ఏడుసార్లు పడి.

పిల్లలు త్వరగా నేర్చుకుంటారు, కాదనను. వాళ్ళకి భయం తక్కువ, పడే ఎత్తూ తక్కువ. పెద్దవాళ్ళకి వారం పట్టేది పిల్లలకి రెండు రోజుల్లో వస్తుంది, అంతే. వైకల్యం ఉన్నవాళ్ళూ స్కీ చేస్తారు, వాళ్ళకి పరికరమే వేరుగా ఉంటుంది. బాల్మ్ మీద ఒకాయనని చూశాను. నడుము కింద కదలిక లేదు. స్కీ మీద బిగించిన కుర్చీలో కూర్చుని, చేతుల్లో, చివర చిన్న స్కీలున్న కర్రలతో మలుపులు తీసుకుంటూ నన్ను దాటి వెళ్ళాడు. చూపు లేనివాళ్ళు ముందు వెళ్ళే తోడు గొంతు విని దిగుతారు.

"స్నోబోర్డు తేలిక"

ఇది నమ్మి మా ఆయన బోర్డు తీసుకున్నారు. మొదటి రెండు రోజులు రాత్రి భోజనం నిలబడే చేశారు.

బోర్డంటే ఒకటే పలక, దానికి రెండు కాళ్ళూ అడ్డంగా కట్టేస్తారు. స్కీలో తూలితే ఒక కాలు పక్కకి వేసి నిలదొక్కుకోవచ్చు, చేతిలో కర్రలుంటాయి. బోర్డు మీద ఆ వెసులుబాటు లేదు. మడమల వైపు అంచు కరిచిందా, వెనక్కి కూలబడటమే. వేళ్ళ వైపు కరిస్తే ముందుకి, అరచేతుల మీద. కొత్తవాళ్ళకి మణికట్టు దెబ్బలు బోర్డు మీద, మోకాలి దెబ్బలు స్కీ మీద ఎక్కువ. బోర్డు పట్టేవాళ్ళు మణికట్టు పట్టీలు కొనుక్కోండి. టెలెస్కీ ఎక్కాలంటే ఒక కాలు విప్పి ఒంటికాలి మీద పోవాలి. చదును దారి వస్తే స్కీవాళ్ళు కర్రలతో నెట్టుకుపోతారు, బోర్డువాళ్ళు దిగి నడుస్తారు.

అయితే ఒకటి. మూడు, నాలుగు రోజులు ఓర్చుకుంటే బోర్డు గబుక్కున పట్టుబడుతుంది. స్కీ మొదటి రోజే కాస్త వస్తుంది, కాళ్ళు రెండూ జోడుగా పెట్టి అందంగా తిరగడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. బోర్డు బూట్లు మెత్తగా ఉంటాయి, ఆ ఒక్క విషయంలో నాకిప్పటికీ అసూయే. వారం సెలవుంటే ఏదైనా సరే. శని, ఆదివారాలే ఉంటే స్కీ.

"భాభాని మింగిన కొండ"

1966 జనవరి 24న ఎయిరిండియా 'కాంచనజంగ' జెనీవాలో దిగబోతూ మాంట్ బ్లాంక్‌ని గుద్దుకుంది. భాభాతో కలిపి 117 మంది పోయారు. 1950లో 'మలబార్ ప్రిన్సెస్' కూడా అక్కడే కూలింది. బోసొన్ హిమనదం ఇప్పటికీ ఆ విమానాల తునకలని, మన పాత పత్రికలని బయటికి కక్కుతూనే ఉంటుంది. తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. కానీ విమాన ప్రమాదానికీ పచ్చ పిస్టుకీ ఏం సంబంధం?

మంచు చరియల భయం మాత్రం ఉత్తది కాదు. 1999 ఫిబ్రవరి 9న ఈ లోయలోనే మోంరోక్ దగ్గర చరియ ఇళ్ళ మీద పడి 12 మంది చనిపోయారు. ఐరోపా అంతటా ప్రమాదాన్ని ఒకటి నుంచి ఐదు దాకా అంకెల్లో చెప్తారు, లిఫ్టుల దగ్గర రోజూ రాసిపెడతారు. ఉదయమే గస్తీవాళ్ళు మందు పేల్చి వదులుగా ఉన్న మంచుని ముందే కూల్చి, ఆ తర్వాతే పిస్టు తెరుస్తారు. అనుమానం ఉంటే తెరవరు. స్కీకి వెళ్ళి చరియల్లో చిక్కుకునేది ఎక్కువగా పిస్టు వదిలి తాజా మంచులోకి పోయినవాళ్ళు. వాళ్ళ ఒంటి మీద, మంచులో కూరుకుపోతే ఎక్కడున్నారో తెలిపే సంకేత యంత్రం, వీపున పార, మంచులో గుచ్చి వెతికే పొడుగాటి కడ్డీ, వాటిని వాడే తర్ఫీదు ఉండాలి. పిస్టు పక్కన గుచ్చిన కర్ర దాటితే, ఒక్క మీటరైనా సరే, మీరు బయట ఉన్నట్టే.

కొత్తవాళ్ళకి నిత్యం ఉండే ముప్పు ఇంకోటి: ఒకరినొకరు గుద్దుకోవడం. ముందు పోయేవాళ్ళదే హక్కు, వెనకనుంచి వచ్చేవాళ్ళే తప్పుకోవాలి. పిస్టు ఇరుకైన చోట, పైవాళ్ళకి కనబడని మలుపు కింద ఆగి సెల్ఫీ దిగకండి.

"కోటీశ్వరుల ఆట"

ఇక్కడ నేను గట్టిగా వాదించను, ఖరీదే. ఫిబ్రవరిలో ఫ్రెంచి బడి సెలవులప్పుడైతే గది ధర చూసి కళ్ళు తిరుగుతాయి. న్యూ ఇయర్ రద్దీ తగ్గాక జనవరిలో రండి. మొదటి మూడు రోజులకి లోయ మొత్తానికీ పనికొచ్చే పాస్ కొనడం శుద్ధ దండగ, నేర్చుకునే మైదానాలకి విడిగా తక్కువ ధర టికెట్లు ఉంటాయి. బస చేసిన చోట ఇచ్చిన అతిథి కార్డుతో మేం లోయలో రైలూ బస్సూ ఉచితంగానే తిరిగాం. మధ్యాహ్నానికి పులిహోర కట్టుకెళ్ళండి. చలికి కొంచెం గట్టిపడుతుంది గానీ తినొచ్చు. పెరుగన్నం మాత్రం వద్దు, అనుభవంతో చెప్తున్నా.

డబ్బు ఆదా చేయకూడనిది ఒక్క ఇన్సూరెన్సులోనే. ఫ్రాన్సులో పిస్టు మీద దెబ్బ తగిలి కిందికి మోసుకొస్తే దానికి బిల్లు వేస్తారు. వీసా కోసం ఇండియాలో తీసుకున్న పాలసీల్లో చాలావాటికి స్కీ వర్తించదు, చిన్న అక్షరాలు చదవండి. లేకపోతే పాస్‌తో పాటే రోజువారీ బీమా అమ్ముతారు, తీసుకోండి.

"కేబుల్ కారెక్కి ఫొటోలు దిగి వచ్చేయండి"

మెసేజ్ మొత్తంలో నన్ను ఉలిక్కిపడేలా చేసింది ఈ చివరి మాటే. అన్నీ ప్రమాదం అన్న పెద్దమనిషి, పెద్దవాళ్ళకీ పిల్లలకీ క్షేమం అని చూపించింది దేన్ని? ఏగ్వీ ద్యు మిది ఎక్కే కేబుల్ కారుని. 1,035 మీటర్ల ఊళ్ళోంచి ఇరవై నిమిషాల్లో 3,800 మీటర్లకి తీసుకెళ్ళి వదిలే యంత్రం అది. అక్కడ నాలుగు మెట్లు గబగబా ఎక్కితే నాకే తల తిరిగింది. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా ఎక్కకూడదు, పసిపిల్లల్ని తీసుకెళ్ళకూడదు. వెళ్ళేవాళ్ళు సగం దారిలో 2,317 మీటర్ల దగ్గర కాసేపు ఆగి వెళ్ళడం మంచిది.

నాన్న ఫిబ్రవరిలో వస్తున్నారు. బీపీ ఉంది, రెండేళ్ళ కిందట స్టెంటు వేశారు. "ఆ పైకి ఎక్కిస్తావా అమ్మాయ్, అది క్షేమమని రాశారుగా" అని నిన్న ఫోన్లో అడిగారు. లేదు నాన్నా, లా వోర్మేన్ దగ్గర ఎండలో కుర్చీ వేసి కూర్చోబెడతాను, టెలెస్కీ మీంచి ఎవరెవరు పడుతున్నారో లెక్కపెడుదువు గాని అన్నాను.