చదివేది తెరపై, లెక్కించేది కాగితంపైనా?

విశ్వవిద్యాలయ అధ్యాపకుల పదోన్నతి దరఖాస్తులను పరిశీలించే చోట ఈ మధ్య ఒక ప్రశ్న మళ్ళీ వినిపిస్తోంది: అచ్చు ప్రతి ఏది? పరిశోధన పత్రం విషయ నిపుణుల సమీక్షను దాటి, సంపాదకవర్గం కోరిన సవరణలన్నీ పూర్తిచేసుకుని, శాశ్వత డిజిటల్ గుర్తింపు సంఖ్యతో ఆన్‌లైన్ పత్రికలో వెలువడినా సరే, ముద్రిత సంచిక ముఖపత్రం, విషయసూచిక, పత్రం ఉన్న పేజీల జిరాక్సు జతచేయకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవడానికి కొందరు పరిశీలకులు నిరాకరిస్తున్నారని నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల అధ్యాపకులు మా దృష్టికి తెచ్చారు. అలాంటి సంచికే లేదని, ఆ పత్రిక పుట్టిందే ఆన్‌లైన్‌లో అని చెప్పుకున్నా ఫలితం ఉండడం లేదట. ఒకరిద్దరి ఇబ్బందిగా భావించి వదిలేయదగ్గ విషయం కాదిది. ఎలక్ట్రానిక్ ప్రచురణ లేకుండా ఒక్కరోజు గడవని విద్యావ్యవస్థ, అధ్యాపకుడి శ్రమకు విలువ కట్టే చోట మాత్రం ఎలక్ట్రానిక్ ప్రచురణను నమ్మనంటోంది. ఈ ద్వంద్వనీతిని మేము అంగీకరించలేము.

విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) మంచి పరిశోధన పత్రికలను గుర్తిస్తూ తెచ్చిన 'కేర్' జాబితా కథ పాఠకులకు తెలిసిందే. 2019 నుంచి అమలులో ఉన్న ఆ జాబితాను నిలిపివేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన యూజీసీ, ఏది మంచి పత్రికో తేల్చుకునే బాధ్యతను కొన్ని సూచనలతో సహా విద్యాసంస్థలకే అప్పగించింది. ఆ బాధ్యత చేతికి వచ్చినప్పుడు చేయవలసిన పని పత్రాన్ని చదవడం. అది కష్టమైన పని, సమయం తీసుకునే పని. అందుకే కాబోలు, చదవకుండానే తేల్చగలిగే కొలత ఒకటి వెతుక్కున్నారు. కాగితం మీద ఉంటే పత్రం, లేకపోతే కాదు.

ఆన్‌లైన్ పత్రికల్లో నకిలీలు పెరిగాయన్న ఆందోళనలో నిజం ఉంది. 2013లో ఒక పాత్రికేయుడు తప్పులతో నింపిన కల్పిత పత్రాన్ని ఎవరైనా ఉచితంగా చదవగలిగే 304 ఆన్‌లైన్ (ఓపెన్ యాక్సెస్) పత్రికలకు పంపిస్తే 157 పత్రికలు దాన్ని ఆమోదించాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థపై 2019లో అమెరికా న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చిన సంగతి మన రాష్ట్రానికి తలవంపులే. అయితే అచ్చు మాత్రం ఏ పాపాన్ని ఆపింది? తట్టు, గవదబిళ్ళలు, రూబెల్లా రాకుండా పిల్లలకు వేసే ఎంఎంఆర్ టీకాకు, ఆటిజానికి ముడిపెట్టిన తప్పుడు పత్రం 1998లో అచ్చయింది ప్రపంచంలోనే అత్యంత గౌరవం పొందిన వైద్య పత్రికల్లో ఒకటైన లాన్సెట్‌లో. దాన్ని పూర్తిగా ఉపసంహరించడానికి 2010 దాకా పట్టింది. ఆన్‌లైన్ ప్రతిని తెరిచిన ప్రతివారికీ అది ఉపసంహరించిన పత్రమన్న హెచ్చరిక ఇవాళ కనిపిస్తుంది. గ్రంథాలయంలో బైండు చేసి ఉంచిన 1998 నాటి సంచికను తీసి చదివేవారికి ఆ హెచ్చరిక ఎవరు చేస్తారు? మోసాన్ని పట్టుకునేది సమీక్ష. ఆ సమీక్ష జరిగిందా లేదా అన్న విచారణ వదిలి కాగితం గురించి అడిగితే నకిలీ పత్రికలకు నష్టమేమీ లేదు. వాళ్ళు ఇంకొంత సొమ్ము వసూలు చేసి అచ్చు ప్రతి కూడా పోస్టులో పంపగలరు.

ఇక వ్యవస్థ తీరు చూద్దాం. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని తప్పనిసరిగా సమర్పించాలని యూజీసీ 2009లోనే నిబంధన పెట్టింది. ఆ గ్రంథాలు యూజీసీ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో చేరతాయి. విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ బృందం వచ్చే ముందు కళాశాలలు నింపే పట్టికల్లో అధ్యాపకుల పత్రాలకు వెబ్ లంకెలు ఇవ్వాలి. 'ఒకే దేశం, ఒకే చందా' పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదం తెలిపి, 2025 నుంచి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 ఈ-జర్నళ్ళను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించడం దాని ఉద్దేశం. రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కూడా ఇందులో ఉన్నాయి. అంటే అధ్యాపకుడు చదవవలసింది ఈ-జర్నల్, విద్యార్థి చేత చదివించవలసింది ఈ-జర్నల్, విద్యార్థి సిద్ధాంత గ్రంథం జమకావలసింది ఎలక్ట్రానిక్ భాండాగారంలో, సంస్థకు గ్రేడు తెచ్చేది వెబ్ లంకె. ఇన్ని చోట్ల పనికివచ్చిన ప్రచురణ, దాన్ని రాసిన మనిషికి న్యాయంగా రావలసిన మెట్టు ఎక్కేటప్పుడు మాత్రం పనికిరాకుండా పోతోంది. సంస్థ గ్రేడు కోసం ఏ లంకెను గర్వంగా చూపించారో, అదే లంకెను అదే సంస్థలో పదోన్నతి దస్త్రంలో పెడితే చాలదనడం ద్వంద్వనీతి కాకపోతే మరేమిటి?

పైగా ఈ పట్టుదలకు నిబంధనల అండ కూడా లేదు. 2018 జూలైలో వెలువడిన యూజీసీ నిబంధనలు సహ ఆచార్య పదవికి కనీసం 7, ఆచార్య పదవికి కనీసం 10 ప్రచురణలు కోరాయి. నిపుణుల సమీక్ష ఉన్న పత్రికలో గాని, యూజీసీ జాబితాలోని పత్రికలో గాని వచ్చి ఉండాలన్నాయి. కాగితం మీద అచ్చు కావాలన్న షరతు పెట్టలేదు. అంతకన్నా ముందుకు వెళ్ళి, నాలుగు క్రెడిట్ల పూర్తి మూక్ కోర్సు (ఎవరైనా చేరగలిగే ఆన్‌లైన్ కోర్సు) తయారుచేస్తే 20 మార్కులు, ఒక పూర్తి కోర్సుకు ఈ-కంటెంట్ లేదా ఈ-పుస్తకం సిద్ధం చేస్తే 12 మార్కులు ఇవ్వాలని నిర్దేశించాయి. అంతర్జాతీయ ప్రచురణ సంస్థ ద్వారా పుస్తకం వేసినా వచ్చేది అవే 12 మార్కులు. నిబంధన ఇంత స్పష్టంగా ఉండగా, దాన్ని అమలు చేయవలసిన స్థాయిలో కూర్చుని, అందులో లేని షరతును సృష్టించే అధికారం పరిశీలకులకు ఎవరిచ్చారో చెప్పాలి.

అచ్చుకు ఇచ్చే గౌరవం వెనుక ఉన్నదేమిటో విద్యారంగంలో ఉన్నవారందరికీ తెలుసు. కళాశాలలో రెండు రోజుల జాతీయ సదస్సు జరుగుతుంది. చదివినవీ చదవనివీ కలిపి పత్రాలన్నీ ఒక సంకలనంగా కుడతారు. పుస్తకాలకు ఇచ్చే ఐఎస్‌బీఎన్ సంఖ్య వేస్తారు. పాల్గొన్నవారికి తలా ఒక ప్రతి, గ్రంథాలయానికి రెండు ప్రతులు వెళ్ళాక ఆ పుస్తకం మళ్ళీ ఎక్కడా కనిపించదు. దాన్ని సమీక్షించినవారు లేరు, చదివినవారు లేరు. అయినా పదోన్నతి దస్త్రంలో అది నిండైన పుస్తకంగా కూర్చుంటుంది. ఐఎస్‌బీఎన్ గాని, పత్రికలకు ఇచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ గాని ఒక ప్రచురణను మరొకదాని నుంచి వేరుగా గుర్తించడానికి ఇచ్చే సంఖ్యలే. మన దేశంలో రెండూ ఉచితంగానే ఇస్తారు. నాణ్యతకు అవి హామీ పత్రాలు కావు. ముద్రణకు ఒక ఐఎస్‌ఎస్‌ఎన్, ఆన్‌లైన్‌కు వేరే ఐఎస్‌ఎస్‌ఎన్ ఇచ్చే పద్ధతి ఉందంటేనే రెండింటినీ సమానమైన ప్రచురణలుగా ఆ వ్యవస్థ గుర్తించిందని అర్థం. సమీక్ష లేని అచ్చు సంకలనాన్ని కళ్ళకద్దుకుని, ఇద్దరు ముగ్గురు నిపుణులు నెలల తరబడి పరీక్షించిన ఆన్‌లైన్ పత్రాన్ని పక్కన పెట్టే చోట, నాణ్యత గురించి మాట్లాడే హక్కు ఎవరికీ మిగలదు.

ప్రపంచం ఈ చర్చను ఎప్పుడో దాటింది. భౌతిక శాస్త్రజ్ఞులు 1991 నుంచి, ఆ తర్వాత గణిత శాస్త్రజ్ఞులు కూడా ఆర్‌కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పత్రాలు పెడుతున్నారు. గణితంలో చాలాకాలం తేలని పొయాంకరే ప్రతిపాదనకు రష్యా గణితవేత్త గ్రిగరీ పెరెల్మాన్ ఇచ్చిన నిరూపణ 2002, 2003 సంవత్సరాల్లో అక్కడే వెలువడింది. ఏ అచ్చు పత్రికకూ ఆయన దాన్ని పంపలేదు. మిగతా గణితవేత్తలు ఏళ్ళ తరబడి చదివి, సరిచూసి, నిజమని తేల్చారు. 2006లో ఆయనకు గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం ప్రకటించారు. ఆయన దాన్ని తీసుకోలేదన్నది వేరే విషయం. నేచర్ కమ్యూనికేషన్స్ అనే పరిశోధన పత్రిక 2010లో మొదలైంది, మొదలైననాటి నుంచి ఆన్‌లైన్‌లోనే ఉంది. దానికి అచ్చు ప్రతి తెమ్మని అడిగితే దరఖాస్తుదారు ఎక్కడి నుంచి తేవాలి?

ఈ వివక్ష బరువు అందరి మీదా సమానంగా పడదు. శతాబ్దం దాటిన ఉస్మానియా నీడలో ఎదిగినవారికి పాత పత్రికలతో, సంపాదకులతో పరిచయాలు ఉంటాయి. 2007లో ఏర్పడిన నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయానికి, 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయానికి, వాటి కింద దేవరకొండలో, వనపర్తిలో, గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో పనిచేసే డిగ్రీ కళాశాలల అధ్యాపకులకు ఆ సౌకర్యం లేదు. పంపిన పత్రం ఏ దశలో ఉందో తెలిపే ఆన్‌లైన్ పత్రికలే వారికి సమాన అవకాశం ఇచ్చాయి. ఉత్తరం రాసి ఏడాది ఎదురుచూసే రోజుల నుంచి వారిని బయటపడేసింది ఆ పత్రికలే. ఇప్పుడు ఆ దారినే అనుమానంగా చూస్తే దెబ్బ తగిలేది ముందుగా ఈ జిల్లాలకే.

ఆ పరిశోధన ఎవరికి పనికివస్తుందన్నది కూడా ఆలోచించాలి. నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ గురించి అధ్యయనాలు దశాబ్దాలుగా సాగుతున్నాయి. పటిక, సున్నం వాడి నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించేందుకు జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన విధానం ఈ జిల్లా పేరుతోనే ఆఫ్రికా దేశాల దాకా వెళ్ళింది. లీటరు తాగునీటిలో 1 మిల్లీగ్రామును వాంఛనీయ పరిమితిగా, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠంగా మన ప్రమాణాలు అనుమతిస్తున్నాయి. మర్రిగూడలోనో మునుగోడులోనో ఏ బోరు నీళ్ళలో ఎంత ఉందో కొలిచి రాసిన పత్రం అందరికీ తెరిచి ఉన్న ఆన్‌లైన్ పత్రికలో ఉంటే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు ఫోనులో చదువుకుంటాడు, తాగునీటి విభాగం ఇంజినీరు చదువుకుంటాడు, పంచాయతీ కార్యదర్శి చదివి సర్పంచికి చెబుతాడు. అదే పత్రం వందల ప్రతులు మాత్రమే వేసే అచ్చు పత్రికలో ఉంటే ఆ ఊరి దాకా ఎన్నటికీ రాదు. పాలమూరు వలస కూలీల బతుకుల మీద, నల్లమల చెంచుల ఆరోగ్యం మీద, పానగల్లు, అలంపురం శాసనాల మీద చేసిన పనికీ ఇదే వర్తిస్తుంది. తెలుగులో పరిశోధన పత్రికను అచ్చులో నడపడం ఎంత భారమో ఆ పని చేసినవారికి తెలుసు. కాగితం ధర, తపాలా ఖర్చు మోయలేక ఆగిపోయిన పత్రికలకు ఆన్‌లైనే రెండో జన్మ. జనానికి దగ్గరగా చేరిన పరిశోధనకు తక్కువ విలువ, జనానికి అందని పరిశోధనకు ఎక్కువ విలువ ఇచ్చే కొలత మన డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయాల్లో ఎలా చెల్లుతుంది?

మరో ప్రమాదం కూడా కనిపిస్తోంది. ఒక పరిశీలక సంఘం ఒకసారి ఇలా చేసి ఎవరూ అడ్డుచెప్పకపోతే అదే సంప్రదాయమవుతుంది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పరిశోధన మార్గదర్శి కావాలంటే సమీక్షిత పత్రికల్లో సహాయ ఆచార్యులకు కనీసం 3, సహ ఆచార్యులకు, ఆచార్యులకు కనీసం 5 ప్రచురణలు ఉండాలి. అక్కడా అచ్చు ప్రతి అడిగితే మార్గదర్శులు తగ్గుతారు, సీట్లు తగ్గుతాయి, నష్టపోయేది విద్యార్థులు. నియామకాల్లో అదే అడిగితే, ఆన్‌లైన్ యుగంలోనే చదువుకుని వచ్చిన యువ పరిశోధకుడి అర్హత మొత్తం ఒక జిరాక్సు కాగితం దగ్గర ఆగిపోతుంది.

చేయవలసింది కష్టమేమీ కాదు. మహాత్మా గాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల అకడమిక్ కౌన్సిళ్ళు అచ్చుకూ ఆన్‌లైన్‌కూ ఒకే కొలత వర్తిస్తుందని లిఖితపూర్వకంగా తీర్మానించాలి. పత్రిక సమీక్ష విధానం ఏమిటి, సంపాదకవర్గంలో ఉన్నవారు నిజంగా ఉన్నారా, పత్రానికి శాశ్వత గుర్తింపు సంఖ్య ఉందా, పత్రిక రేపు మూతపడినా పత్రం నిలిచే భాండాగారంలో దాఖలైందా అన్నవి అడగాలి. సమీక్షకుల వ్యాఖ్యలు, రచయిత ఇచ్చిన జవాబులు దరఖాస్తుతో పాటు తెప్పించుకోవాలి. దరఖాస్తుదారు ఎంచుకున్న కొన్ని ఉత్తమ పత్రాలను బయటి విషయ నిపుణుడు మొత్తం చదివి అభిప్రాయం రాయాలి. ఇన్ని చేశాక పత్రం బలహీనమని తేలితే తిరస్కరించండి, మేము అడ్డుచెప్పం. అచ్చయిన పత్రానికీ ఇదే పరీక్ష పెట్టండి, ఎన్ని సంకలనాలు నిలుస్తాయో తెలుస్తుంది.

పదోన్నతి దరఖాస్తులను పరిశీలించే గదుల్లో కూర్చున్న పెద్దలకు ఒక మాట సూటిగా చెప్పాలి. మీ గ్రంథాలయానికి ఈ-జర్నళ్ళు ఇప్పించమని ప్రభుత్వాన్ని అడిగింది మీరే. వచ్చాక తరగతిలో వాటిని ఉటంకిస్తున్నదీ మీరే. మీ సొంత పత్రాల లంకెలను న్యాక్ బృందానికి చూపించినదీ మీరే. మీకంటే చిన్నవాడైన సహోద్యోగి అలాంటి పత్రమే తెచ్చి మీ ముందు పెడితే దాన్ని చదవకుండా పక్కకు నెట్టే అధికారం మీకు లేదు. తిరస్కరించాలనుకుంటే ఆ పత్రంలో ఏ వాదన తప్పో, ఏ లెక్క తప్పో కారణం రాసి, కింద సంతకం పెట్టి తిరస్కరించండి. రాయలేకపోతే మార్కులు వేయండి.