గట్టిగా పిలిస్తే టర్కీ పుంజు పరిగెత్తుకొస్తుందా?

అమెరికాలో అడవి టర్కీ కోళ్ళ వసంతకాలపు వేట సీజన్ మొదలవుతోందంటే చాలు, ఏటా ఒక సలహా చేతులు మారుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: "ఈ నెలల్లో పుంజు జత కోసం వెర్రెత్తి ఉంటుంది. తెల్లారకముందే వెళ్ళి పెట్ట గొంతుతో గట్టిగా, ఆపకుండా పిలవండి, పరిగెత్తుకుంటూ వస్తుంది. రాకపోతే కూత వినపడ్డ వైపు నక్కి నక్కి వెళ్ళండి. ఎనిమిది దాటితే ఇక ఇంటికి పోవచ్చు. తుపాకీ ఏదైనా ఫర్వాలేదు, 60 గజాల దాకా కొడుతుంది."

నిన్నటిదాకా అనుభవమున్నవాళ్ళ పక్కన కూర్చుని, ఈ ఏడు మొదటిసారి ఒంటరిగా అడవిలోకి వెళ్తున్నవాళ్ళకే ఇది ఎక్కువగా చేరుతుంది. ఇందులో కొంత అరనిజం, కొంత వట్టి తప్పు, ఒకటైతే ప్రాణం తీసే సలహా.

మొదటిది, ఎంత పిలిస్తే అంత మంచిదన్న మాట. పుంజు జత కోసం వెతుకుతుందన్నది నిజమే. అయితే అది వెతికే పద్ధతి వేరు. తెల్లవారుజామున చెట్టు మీదే ఉండి కూస్తుంది. ఆ కూత విని పెట్టలే దాని దగ్గరికి నడిచి వెళ్తాయి. పుంజు తోక విప్పుకుని, రెక్కలు నేలకు రాసుకుంటూ, ఉన్నచోటే ఎదురుచూస్తుంది. పెట్ట గొంతుతో పిలిచి పుంజును మన దగ్గరికి రప్పించడమంటే ఈ వరసను తిరగేయడం. ఆపకుండా పిలిచేవాడికి ఆపకుండా జవాబొస్తుంది, కానీ పుంజు కదలదు. "పెట్ట తహతహలాడుతోంది, అదే వస్తుందిలే" అన్నట్టు చెట్టు మీదే అరగంట ఎక్కువ కూర్చుంటుంది. ఈలోగా నిజం పెట్ట ఒకటి కొమ్మ కిందికి వచ్చి దాన్ని వెంటబెట్టుకుపోతుంది.

పని జరిగేది ఇలా. ముందురోజు సాయంత్రమే పుంజు ఏ చెట్టెక్కిందో విని పెట్టుకోవాలి. గుడ్లగూబ కూతకో, కాకి అరుపుకో ఉలిక్కిపడి కూస్తుంది కాబట్టి పొద్దుగూకాక ఒకటి రెండుసార్లు అలా అరిచి చూస్తే సరిపోతుంది. మర్నాడు చీకటి ఉండగానే ఆ చెట్టుకు 100 నుంచి 150 గజాల దూరంలో కూర్చోవాలి. ఆకులింకా రాని తొలి రోజుల్లో 200 గజాలు వదలడం మేలు, లేకపోతే కొమ్మ మీంచి మీ కదలిక కనిపిస్తుంది. వెలుగు రేఖ పడ్డాక మూడు నాలుగు మెత్తని యెల్ప్‌లు (పెట్ట వేసే మామూలు పిలుపులు), ఒక్కసారి. జవాబొచ్చిందా, ఇక నోరెత్తొద్దు. మీరెక్కడున్నారో దానికి తెలిసిపోయింది. శబ్దం ఏ చెట్టు మొదట్లోంచి వచ్చిందో పట్టేంత చెవి దానిది. నేలకు దిగాక అయిదారు యెల్ప్‌లతో ఇంకోసారి పిలవొచ్చు. తర్వాతి కూత ముందటికన్నా దగ్గర్నించి వినిపిస్తే కాల్ (పెట్ట గొంతు పలికించే పరికరం) పక్కన పెట్టి తుపాకీ మోకాలి మీదికి తెచ్చుకోండి.

కొత్తవాళ్ళ పిలుపులో యెల్ప్ కన్నా ఎక్కువగా చెడేది క్లక్ అనే పొట్టి కూత. మెత్తగా, ఒక్కొక్కటిగా, విడివిడిగా పడితే అది తృప్తిగా మేస్తున్న పెట్ట గొంతు. అదే పదునుగా, గట్టిగా పడితే పట్ అవుతుంది, అంటే ప్రమాదమని హెచ్చరిక. అడుగు దూరంలో ఉన్న పుంజు కూడా ఆ మాటకు వెనుదిరిగిపోతుంది. స్లేటు కాల్ (పుల్లతో రాసి పలికించే పలక) వాడేవాళ్ళు దాని ముఖాన్ని సన్నని ఉప్పుకాగితంతో ఒకే దిశలో గరుకు చేసుకోవాలి. పుల్లను కాస్త వాల్చి, ఎత్తకుండా, చిన్న నాణెమంత సున్నాలు చుట్టాలి. స్లేటు ముఖానికి వేలు తగిలిందంటే చెమట, జిడ్డు అంటి పుల్ల జారిపోతుంది, గొంతు రాదు. పెట్టె కాల్‌కి (మూత రాపిడితో పలికే చెక్క పెట్టె) నూనె లేని సుద్ద పూయాలి, చినుకు పడితే ప్లాస్టిక్ సంచిలోకి వెళ్ళాలి. వానలో నమ్ముకోదగ్గది నోట్లో పెట్టుకునే డయాఫ్రమే. దాన్ని సాధన చేయడానికి వారాలు పడుతుంది కాబట్టి సీజన్ ముందురోజు కొని అడవికి పట్టుకెళ్ళొద్దు.

పిలుపు కన్నా కూర్చున్న చోటే ముఖ్యం. ఆ సలహాలో దీని గురించి ఒక్క ముక్క లేదు. పుంజు 70 గజాల దగ్గర ఆగిపోయి అటూ ఇటూ తిరుగుతోందంటే సాధారణంగా రెండే కారణాలు. ఒకటి, దారిలో వాగో, కంచో, ముళ్ళపొదో అడ్డం ఉంది. దాటలేక కాదు, దాటాల్సిన అవసరం దానికి కనిపించక ఆగుతుంది. రెండోది, పెట్ట ఉండాల్సిన చోటు దానికి దూరం నుంచే బోసిగా కనిపిస్తోంది. అందుకే బారుగా చూపు పారే మైదానం అంచున కూర్చుని పిలవడం కన్నా, గట్టు మలుపులోనో, దిబ్బ శిఖరానికి 25, 30 గజాలు వెనక్కి దిగువనో కూర్చోవడం తెలివైన పని. పిలిచిన పెట్టను చూడాలంటే పుంజు శిఖరం మీదికి తల ఎత్తక తప్పదు. తల ఎత్తిందంటే అప్పటికే అది తుపాకీ దూరంలో ఉంది.

కూర్చునే చెట్టు మీ భుజాల కన్నా వెడల్పు, తల కన్నా ఎత్తు ఉండాలి. కుడిచేత్తో కాల్చేవాళ్ళు ఎడమ భుజం పుంజు వచ్చే వైపు పెట్టి కూర్చోవాలి. కూర్చున్నచోటి నుంచి తుపాకీ ఎడమ వైపుకు తిరిగినంత సులువుగా కుడి వైపుకు తిరగదు.

ఇక, ఎనిమిది దాటితే ఇంటికి పోవచ్చన్న మాట. తెల్లారగానే పుంజు చుట్టూ పెట్టలుంటాయి, అప్పుడు మీ పిలుపుకి దాని దగ్గర తీరిక లేదు. పెట్ట రోజుకో గుడ్డు చొప్పున పది పన్నెండు గుడ్లు పెడుతుంది. పొద్దెక్కాక ఒక్కొక్కటీ గూటికి జారుకుంటాయి. పొదగడం మొదలయ్యాక దాదాపు 28 రోజులు మేతకు తప్ప లేవవు. అంటే తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా పుంజు ఒంటరి, సీజన్ రెండో సగంలో మరీ ఒంటరి. పొద్దున్నే జవాబిచ్చి పెట్టలతో వెళ్ళిపోయిన పుంజు పదింటికి అదే చోటికి వెతుక్కుంటూ రావడం మామూలు విషయం. కూతలు ఆగిపోయాయని లేచి నిలబడేవాళ్ళు ఎక్కువ పోగొట్టుకుంటారు. వేటగాళ్ళ తాకిడి ఉన్న ప్రభుత్వ భూముల్లో పుంజు కూత కూయకుండానే వస్తుంది. చివరి కూత విన్నాక 45 నిమిషాలు కదలకుండా ఉండండి. దగ్గరికొస్తే ముందు ఎండుటాకుల చప్పుడు, ఆ తర్వాత ఛాతీలో మోగినట్టుండే సన్నని గుమ్మని నాదం వినిపిస్తాయి. ఒక్క జాగ్రత్త: న్యూయార్క్‌లో వసంత వేట మధ్యాహ్నం 12కి ముగుస్తుంది, వర్జీనియాలో సీజన్ తొలి భాగంలోనూ అంతే. మీ రాష్ట్రం నిబంధనల పుస్తకం ఈ ఏటిదే చూసుకోండి.

అన్నింటికన్నా గట్టిగా ఖండించాల్సింది "కూత వినపడ్డ వైపు నక్కి వెళ్ళండి" అన్న మాటను. పుంజు ఎలాగూ దొరకదు. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటంతో తల కాస్త తిప్పితే చుట్టూ చూసేస్తుంది, రంగులు గుర్తుపడుతుంది, పాకుతున్న మనిషిని మీరు దాన్ని చూడకముందే పసిగడుతుంది. అసలు భయం అది కాదు. ఆ కూత, ఆ యెల్ప్ వేరే వేటగాడివి కావచ్చు. అతను చెట్టుకానుకుని, ఒళ్ళంతా ఆకుల రంగు బట్టల్లో, మీలాగే పిలుస్తున్నాడు. పొద వెనక ఏదో కదిలింది, ఎర్రగా మెరిసింది, ఒకడు ట్రిగ్గర్ నొక్కాడు. వసంత టర్కీ వేటలో మనిషి మనిషిని కాల్చిన ఘటనల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే క్రమం ఇదే. పెన్సిల్వేనియాలో వసంత పుంజును పిలిచి మాత్రమే వేటాడాలి, నక్కి వెళ్ళడం చట్టవిరుద్ధం. మిగతా చోట్ల చట్టం ఏం చెప్పినా ఈ నియమం పాటించి తీరాలన్నది మా గట్టి మాట. తోక ఈకల విసనకర్ర పట్టుకుని దాని వెనక పాకడం ఇంకా ఘోరం, ప్రభుత్వ భూమిలో అది చేయనే చేయొద్దు.

దీనికి తోడు గుర్తుంచుకోవాల్సినవి: ఎరుపు, తెలుపు, నీలం ఒంటి మీద ఎక్కడా కనిపించకూడదు, లోపలి బనీనూ మేజోళ్ళతో సహా. అవి పుంజు తల రంగులు. వేరే మనిషి వస్తున్నట్టు కనిపిస్తే చెయ్యి ఊపొద్దు, లేవొద్దు, కాల్ మోగించొద్దు. కదలకుండానే "ఇక్కడ మనిషున్నాడు" అని ఇంగ్లీషులో గట్టిగా, మామూలు గొంతుతో చెప్పండి. డికాయ్‌ని (ఎరగా పెట్టే టర్కీ బొమ్మను) సంచిలో పెట్టి మోసుకెళ్ళండి. పెట్టేటప్పుడు 15, 20 గజాల దూరంలో, మీకు ముందు వైపు బారుగా కనిపించే చోట పెట్టండి. పడుచు పుంజు డికాయ్ అయితే దాని ముఖం మీ వైపు ఉంచాలి. వచ్చే పుంజు దాని ముఖానికి ఎదురుగా నిలబడుతుంది, అంటే వీపు మీకు చూపిస్తుంది, తుపాకీ సర్దుకోవడానికి ఆ క్షణం దొరుకుతుంది. అలబామాలో సీజన్ తొలి 10 రోజులు డికాయ్ వాడకూడదు.

ఒంటి వాసన పోగొట్టే స్ప్రేలు ఈ వేటకు దండగ, టర్కీకి వాసన పసిగట్టే శక్తి నామమాత్రం. ఆ డబ్బుతో ముఖానికి ముసుగు, చేతులకు గ్లవ్స్ కొనండి. దొరికిపోయేది మెరిసే ముఖం, కదిలే చేతులే.

తుపాకీ ఏదైనా 60 గజాలు కొడుతుందన్నది పక్షులను గాయపరిచి పోగొట్టే సలహా. టర్కీని ఒంటి మీద కొట్టకూడదు, తల, మెడ ఎముకలే గురి. 3 అడుగుల తెల్ల కాగితం మధ్యలో చుక్క పెట్టి, తుపాకీని దేనికైనా ఆనించి, ముందు తేలికపాటి తూటాతో తుపాకీ గురి ఎక్కడ పడుతోందో చూసుకోవాలి. ఆ తర్వాత మీరు వేటకు వాడే తూటాతో, అదే చోక్‌తో (గుళ్ళు చెదరకుండా గొట్టం మూతిని బిగించే భాగం) 20, 30, 40 గజాల దగ్గర ఒక్కొక్కటి కాల్చాలి. గుళ్ళు దట్టంగా పడ్డచోట 10 అంగుళాల వలయం గీసి లెక్కపెట్టండి. 40 గజాల దగ్గర 100 గుళ్ళు పడకపోతే 35కి రండి, అక్కడా పడకపోతే 30కి. ఎక్కడ పడితే అదే మీ హద్దు. టంగ్‌స్టన్ గుళ్ళ సాంద్రత ఘన సెంటీమీటరుకు 18 గ్రాములు, సీసానిది 11, అందుకే చిన్న 9వ నంబరు గుండు కూడా దూరం నుంచి లోపలికి దిగుతుంది. అయినా దూరం తప్పుగా అంచనా వేస్తే ఏ లోహమూ ఆదుకోదు. కూర్చోగానే 30, 40 గజాల చెట్లను రేంజ్‌ఫైండర్‌తో (దూరం కొలిచే పరికరం) గుర్తుపెట్టుకోండి. దగ్గర్లో ఇంకో చిక్కు ఉంది: బిగుతైన చోక్‌తో 10 గజాల్లో గుళ్ళు గుప్పెడంత ముద్దగా వెళ్తాయి, సులువనుకున్న గురి తప్పేది ఇక్కడే. తోక విప్పి ఉన్నప్పుడు మెడ ఈకల్లోకి ముడుచుకుని ఉంటుంది, అప్పుడు కాల్చొద్దు. ఒక క్లక్ వేస్తే మెడ నిగిడ్చి చూస్తుంది. ఈకలు ఆగి చర్మం మొదలయ్యే చోట గురి పెట్టండి. వెనక ఇంకో పక్షి లేదని చూసుకోండి.

తుపాకీ గురించే, మనవాళ్ళలో చాలామందికి వర్తించే మాట ఒకటి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో జారీ అయి చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకున్నా ఈ చట్టం వర్తిస్తుంది. టెక్సాస్‌లో ఏడాది లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది. వసంతం అయిపోయిందని కొత్తది తీసుకోకుండా తుపాకీని అల్మరాలో ఉంచేసుకుంటే సెప్టెంబరు 1 నుంచి చిక్కే. అదే రాష్ట్రంలో లైసెన్స్‌కి తోడు అప్లాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ అనే అదనపు అనుమతి కావాలి. ఈస్టర్న్ టర్కీ (అడవి టర్కీలో ఒక ఉపజాతి) ఉన్న కౌంటీల్లో గింజలు చల్లి వేటాడకూడదు.

పడ్డాక పరుగెత్తొద్దు. సేఫ్టీ వేసి, చుట్టూ చూసి, నడిచి వెళ్ళి మెడ మీద బూటు ఆనించండి. కొద్దిసేపు రెక్కలు కొట్టుకుంటాయి, కాలి ముల్లు అరచేతిని చీల్చగలదు. కదిలించకముందే లైసెన్స్‌తో వచ్చే ట్యాగ్ నింపండి. మగదని చూపే గుర్తు ఒంటికి అలాగే ఉంచాలన్నది చాలా రాష్ట్రాల్లో నియమం, గడ్డం (ఛాతీ మీద వేలాడే ఈకల కుచ్చు) కోసి జేబులో వేసుకోవద్దు. బయటికి మోసుకొచ్చేటప్పుడు పక్షిని నారింజ రంగు గుడ్డలో పూర్తిగా చుట్టండి, ఎర్రటి తల వేలాడుతూ కనిపించకూడదు.