శోధనను గెలవడానికి దేవుడు కావాలా?

(విజయవాడ పటమటలో ఒక ఇల్లు. శ్రమకాలంలో, అంటే ఈస్టరుకు ముందు క్రైస్తవులు ఉపవాసం పాటించే నలభై రోజుల్లో, ఒక ఆదివారం సాయంత్రం. మామయ్య గుంటూరు లూథరన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. వయసులో ఉన్నప్పుడే నాస్తిక కేంద్రం సభలకు వెళ్లి దేవుణ్ణి వదిలేశారు. పన్నుల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మేనకోడలు గుంటూరులో ఒక ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. ఆమె తమ్ముడు డిగ్రీ చదువుతూ ఫోన్లో క్రికెట్ బెట్టింగులు ఆడి అప్పులపాలయ్యాడు. సంగతి ఈమధ్యే ఇంట్లో తెలిసింది. ఈ ఇద్దరికీ వాడంటే ప్రాణం. నా మనసు మేనకోడలి వైపే ఉంది. అయినా మామయ్య మాటల్లో పదును తగ్గించి రాయడం న్యాయం కాదు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.)

మామయ్య: మీ చర్చి అయ్యగారు వాడికి ఏం చెప్పారో విన్నానమ్మాయ్. ఈ నలభై రోజులూ ఉపవాస ప్రార్థనలో ఉంటే శోధన, అదే తప్పు వైపు లాగే ఆశ, పోతుందట. తెల్లవార్లూ ఫోన్ పట్టుకుని కూర్చునే కుర్రాడికి కావలసింది ఉపవాసమా? ఫోన్ లాక్కోండి, బ్యాంకు ఖాతా మీ అమ్మ చేతికివ్వండి.

మేనకోడలు: రెండూ చేశాం మామయ్యా. ప్రార్థన చేసేవాళ్లు ఈ పనులు చేయకూడదని ఎవరన్నారు? బైబిల్లో యోసేపుని చూడండి. యజమాని పోతీఫరు భార్య పట్టుకున్నప్పుడు అతను అక్కడే మోకరించలేదు. పైబట్ట ఆమె చేతిలోనే వదిలేసి బయటికి పరుగెత్తాడు.

మామయ్య: నేననేదీ అదే. పరుగెత్తడం పనిచేసింది. దానికి దేవుడెందుకు?

మేనకోడలు: పరుగెత్తాలని అనిపించాలి కదా. ఇంట్లో ఎవరూ లేరు. పైగా ఒప్పుకోకపోతేనే కష్టం, ఒప్పుకోనందుకే జైల్లో పడ్డాడు. అలాంటి చోట ‘దేవునికి విరోధంగా ఈ పని ఎలా చేస్తాను’ అన్నాడు.

మామయ్య: అంటే పైనుంచి చూసేవాడు ఒకడున్నాడన్న భయం. ఆ భయంతో చేసేది నీతి కాదమ్మాయ్, ఒట్టి జాగ్రత్త మాత్రమే. గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి, 1947లో విజయవాడకి తెచ్చింది ఈ మాట చెప్పడానికే. మనిషి స్వతంత్రుడు, తన పనికి తనే బాధ్యుడు. నా సర్వీసులో బల్లమీదికి ఎన్ని కవర్లు వచ్చాయో మీ అత్తయ్యకి తెలుసు. ఒక్కటీ ముట్టుకోలేదు. దేవుడు చూస్తున్నాడని కాదు. ఆ కవరు తీసుకుంటే ఖజానాకి పడే బొక్క ఎవరి బడిలో, ఎవరి ఆసుపత్రిలో తేలుతుందో నాకు తెలుసు కాబట్టి.

మేనకోడలు: మీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. దేవుడు లేనివాడు నీతిగా ఉండలేడని ఎవరైనా ప్రసంగంలో అంటే నాకు మీరే గుర్తొస్తారు, ఆ మాట తప్పని తెలుస్తుంది. కానీ నా వార్డు సంగతి వినండి. బిడ్డ పుట్టగానే వాళ్ల తరఫువాళ్లు చేతిలో ఐదొందలు పెడతారు. మగపిల్లాడైతే ఇంకా ఎక్కువ. ‘సంతోషంగా ఇస్తున్నాం సిస్టర్’ అంటారు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఏడవలేదు. అది లంచంలా కనిపించదు మామయ్యా, దీవెనలా కనిపిస్తుంది. అసలు కష్టం అక్కడే. డబ్బు ఇచ్చిన మంచం దగ్గరికి కాళ్లు వాటంతట అవే ముందు వెళ్తాయి. ఇవ్వలేని తల్లి పిలిస్తే ‘వస్తున్నానమ్మా’ అనే మాట కాస్త ఆలస్యంగా వస్తుంది. కావాలని ఎవరూ చేయరు. అయినా జరుగుతుంది.

మామయ్య: వద్దని చెప్పొచ్చు కదా.

మేనకోడలు: చెప్తే షిఫ్టులో ఉన్న మిగతావాళ్ల ముఖాలు మారిపోతాయి. ‘నువ్వొక్కదానివే పరిశుద్ధురాలివా?’ అంటారు. వాళ్లూ చెడ్డవాళ్లు కాదు, వాళ్లకీ నెలాఖరు ఉంటుంది. నాకూ ఉంటుంది. ప్రతివాడూ తన సొంత దురాశ చేత ఈడ్వబడి శోధింపబడతాడని బైబిల్లో యాకోబు రాశాడు. నెపం సాతాను మీదికి తోసేయనివ్వలేదు ఆయన. లాగేది నాలోనే ఉంది. డ్యూటీకి వెళ్లేముందు మెట్ల దగ్గర ఆగి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పుకుంటాను. ‘మమ్మును శోధనలోకి తేక’ అన్నప్పుడు నా బలహీనత నాకు గుర్తొస్తుంది. నేను గట్టిదాన్ని అనుకుని లోపలికి వెళ్లిన రోజే నాకు ప్రమాదం. బలహీనురాలినని తెలిసి వెళ్తే, కాన్పు కాకముందే ఆ ఇంటివాళ్లకి చెప్పేస్తాను, ‘ఏమీ ఇవ్వకండి, ఆ డబ్బుతో బాలింతకి పాలు, గుడ్లు కొనండి’ అని. చేతిలో నోటు పెట్టాక చెప్పడం వేరు, పెట్టకముందు చెప్పడం వేరు.

(మామయ్య దీనికి వెంటనే జవాబివ్వలేదు. ‘ముందే చెప్పడం మంచి పద్ధతి’ అని మాత్రం అన్నారు. ప్రార్థన గురించి నేను విన్న చాలా ప్రసంగాలకంటే ఈ ఒక్క పద్ధతిలోనే ఎక్కువ వేదాంతం ఉందని నాకనిపించింది.)

మామయ్య: గుంటూరులో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ గురించి మా అమ్మ చెప్పేది. 1883లో అమెరికా నుంచి వచ్చి, 1898లో ఆడవాళ్లకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచింది. అలాంటివాళ్లు లేరని నేననను. కానీ ఆవిడ దేవుణ్ణి నమ్మింది అనడం ఒకటి, దేవుడు ఉన్నాడు కాబట్టి ఆవిడ మంచిదైంది అనడం ఇంకొకటి. మీ నాన్న విషయంలోనూ ఇంతే. తాగుడు మానగానే ప్రభువు మాన్పించాడని సాక్ష్యం చెప్పారు. కాలేయం చెడిందని చెప్పిన డాక్టరు ఎటుపోయాడు? పుట్టింటికి వెళ్లిపోతానన్న మీ అమ్మ ఎటుపోయింది?

మేనకోడలు: డాక్టరూ ఉన్నాడు, అమ్మా ఉంది. ఇంకొకటి మీరు చూడలేదు. వైన్ షాపుకి వెళ్లే వేళకి సంఘ పెద్దలు ఇద్దరు రోజూ ఇంటికొచ్చి నాన్న పక్కన కూర్చునేవాళ్లు. కీర్తన పాడిన రోజులున్నాయి, ఊరికే క్యారమ్స్ ఆడిన రోజులూ ఉన్నాయి. నెలల తరబడి వచ్చారు. వాళ్లని ఎవరు పంపారంటే నేను ప్రభువు అంటాను.

మామయ్య: నేను మనుషులు అంటాను. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టారు. ఒకడి కష్టం ఒకడు వింటే తాగుడు ఆగుతుందని కనిపెట్టారు. అక్కడ పనిచేసింది ఆ తోడు.

మేనకోడలు: వాళ్లు ఆ పద్ధతి నేర్చుకున్నది ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందంలో మామయ్యా. తమకంటే గొప్ప శక్తి ఒకటి తమను బాగుచేయగలదని నమ్మడం వాళ్ల పన్నెండు మెట్ల పద్ధతిలో రెండో మెట్టు.

మామయ్య: మూడో మెట్టులో ఏముంది? ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకి! తలుపు అంత వెడల్పు చేస్తేగానీ అందరూ లోపలికి రాలేకపోయారు. సరే, అది వదిలెయ్. ఒక్కొక్కడినీ పట్టుకుని మార్చడం కంటే శోధన పుట్టే చోటుకే వెళ్లాలంటాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అదే చేశారు. సారా దుకాణం మూయించారు. 1995లో మద్యనిషేధం వచ్చిందంటే దాని వెనక వాళ్లున్నారు.

మేనకోడలు: వాళ్లకి దండం పెడతాను. కానీ 1997కల్లా ఆ నిషేధం పోయింది. బెట్టింగు సంగతి చూడండి. మన రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. చట్టం కావాలి, వద్దనను. కానీ మావాడు ఆట మొదలుపెట్టింది ఆ 2020 నిషేధం తర్వాతే. దొడ్డిదారి వెతికింది వాడే. చట్టం యాప్‌ని ఆపుతుంది. పోయిన డబ్బు ఈ ఒక్క మ్యాచ్‌తో తిరిగి వస్తుందని వాడి లోపల చెప్పే గొంతుని ఎవరు ఆపుతారు?

మామయ్య: ఆ గొంతుని ప్రార్థన ఆపుతుందని ఎలా చెప్తావు? ‘దేవా, ఈ ఒక్క మ్యాచ్ గెలిపించు’ అని వాడు ప్రార్థన చేసి ఉండడా?

మేనకోడలు: చేశాడు. నాతో చెప్పాడు.

మామయ్య: చూశావా! ఇప్పుడు నా అసలు కోపం చెప్తాను. మీరు క్షమాపణని చాలా చౌక చేశారు. ఆదివారం కన్నీళ్లు, సోమవారం మళ్లీ అదే పని. తప్పు చేసింది స్నేహితుడి దగ్గర, క్షమాపణ దేవుడి దగ్గర. వాడు హాస్టల్లో పక్క గది కుర్రాడి ఫీజు డబ్బు తీసుకుని ఆడాడు. ఆ కుర్రాడి తండ్రి మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు. దేవుడు క్షమిస్తే ఆ తండ్రికి ఏం ఒరిగింది?

మేనకోడలు: ఏమీ ఒరగదు. ఆ డబ్బు ముట్టేదాకా వాడి కన్నీళ్లని నేనూ నమ్మను. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య ఏమన్నాడు? అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఆ మాట విన్నాకే యేసు ‘నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది’ అన్నాడు. అర్పణ తెచ్చినవాడికి సహోదరుడి మీద తప్పు గుర్తొస్తే అర్పణని బలిపీఠం ముందే వదిలేసి, ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. దేవుడి దగ్గరికి వెళ్లే దారి ఆ యార్డు మీదుగానే ఉంది మామయ్యా. ఈ మాట గట్టిగా చెప్పని సంఘాలున్నాయి. వాటి తరఫున నేను వాదించను.

మామయ్య: మరి యేసుని డబ్బుకి పట్టించిన శిష్యుడు యూదా సంగతి? చిన్నప్పుడు ఆదివారం బడిలో చెప్పారు, నేను మర్చిపోలేదు. వాడు తప్పు ఒప్పుకున్నాడు. ముప్పై వెండి నాణేలూ తిరిగిచ్చేశాడు. నువ్వు చెప్పినవన్నీ చేశాడు. యాజకులు ఏమన్నారు? ‘దానితో మాకేమి, నీవే చూచుకొనుము’ అన్నారు. వెళ్లి ఉరేసుకున్నాడు. మీ మతం పడ్డవాడిని చూసే తీరు అది.

(ఆమె చాలాసేపు ఆ మాట మీదే ఉండిపోయింది. నాకూ ఆ వచనం ఇలా ఎప్పుడూ వినిపించలేదు.)

మేనకోడలు: నిజమే. గుడిలో ఉన్నవాళ్లే అన్నారు ఆ మాట. ఇవాళ్టికీ అంటున్నారు. తమ్ముడు ఇన్ని నెలలు దాచింది అందుకే. యువజన కూడికలో పాటలు పాడించేది వాడు. చెప్తే మైకు తీసేసుకుంటారని భయం. దాచినకొద్దీ అప్పు పెరిగింది. యూదా పట్టించిన ఆ రాత్రే ఇంకో శిష్యుడు పేతురు కూడా పడ్డాడు. యేసుని ఎరుగనని మూడుసార్లు అన్నాడు. కానీ తర్వాత మిగతా శిష్యుల మధ్యే కనిపిస్తాడు. వాళ్లు ‘మాకేమి’ అని గెంటేయలేదు. సరస్సు ఒడ్డున యేసు వాడిని అందరి మధ్య కూర్చోబెట్టి అన్నం పెట్టాకే ప్రశ్న అడిగాడు. తమ్ముడికి అలాంటి మనుషులు కావాలి.

మామయ్య: అలాంటి మనుషులుగా ఉండటానికి దేవుడు అక్కర్లేదు. నేనున్నాను.

మేనకోడలు: మీరున్నారు. నాకు మాత్రం కావాలి మామయ్యా. నాకు విసుగొస్తోంది. వాడు ఇప్పటికే రెండుసార్లు ఒట్టు పెట్టి తప్పాడు. మూడోసారి తప్పితే ఇంట్లోకి రానివ్వకూడదని అనిపిస్తోంది. నోటు దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోవడం నాకు అలవాటవుతోంది. వాడి మీద ఆశ వదిలేయాలనే శోధన దగ్గర నిలబడలేకపోతున్నాను. ఏడుసార్లు క్షమిస్తే చాలా అని పేతురు అడిగితే డెబ్బై ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడులసార్లు, అన్నాడు ఆయన. అంత ఓపిక నాలో లేదు. అందుకే రోజూ అడుక్కుంటున్నాను.

మామయ్య: వచ్చే ఆదివారం వాడిని ఇక్కడికి పంపు. ఎవరికెంత ఇవ్వాలో నా ముందు కాగితం మీద రాయాలి. ముందు ఆ యార్డు ఆయన డబ్బు. నేనూ వాడితో కలిసి వెళ్తాను. ఒక్క షరతు. వాడు నాలుగు నెలలు ఆడకుండా ఉండగానే స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించకండి.

మేనకోడలు: వాడంతట వాడు చెప్తానన్నా ఆగమంటాను. అందరి ముందూ గెలిచానని చెప్పినవాడు మళ్లీ పడితే ఇంకా లోతుగా దాచాల్సి వస్తుంది. అయ్యగారితో నేను మాట్లాడతాను. మీ ఇంట్లో వాడు ప్రార్థన చేసుకుంటే మాత్రం వద్దనకండి.

మామయ్య: అననమ్మా. లెక్క రాశాక చేసుకోమను.

మేనకోడలు: రాయడానికి కూర్చునే ముందు చేస్తాడు. నిజం లెక్క రాయాలంటే వాడికి అప్పుడే అవసరం.