కనపడని కుట్టు గారికి

మహారాజశ్రీ కనపడని కుట్టు గారి సముఖమునకు,

పర్లాకిమిడి నుంచి చీరలకు ఫాల్ కుట్టుకునే మనిషి చేసుకునే విన్నపం. మొదట గ్రాంథికంలోనే ఎత్తుకున్నాను గానీ ఆపేశాను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి గ్రాంథికం రాస్తే బాగుండదు.

విషయానికొస్తే, మీవల్ల నాకు కూలి గిట్టడం లేదు.

మొన్న వీధి చివరింటావిడ కూతురి పెళ్లికని బరంపురం పట్టుచీర తెచ్చింది. గుడి గోపురాల వరసలా ఫోడా కుంభ అంచు. ఆ ఊరి సొంతమని సర్కారు జీఐ గుర్తింపిచ్చిన నేత. అలాంటి చీరకి మిషను మీద ఫాల్ వేస్తే పాపం తగుల్తుంది. ముందురోజు రాత్రే ఫాల్ నీళ్లలో నానేశాను. లేకపోతే మొదటి తడికే ముడుచుకుపోయి చీర అంచును కూడా పైకి లాక్కుపోతుంది. ఆరాక ఇస్త్రీ. దారం చీర రంగు కన్నా ఒక పిసరు ముదురుది ఏరాను. లేతదైతే పట్టు మీద గీతలా మెరుస్తుంది. మూరెడే దారం, ఒంటి పేట. ముడి ఫాల్ కిందికి పోవాలి. ఇక సూది ఫాల్ అంచు లోపలే పాక్కుంటూ పోయి, బయటికొచ్చిన చోటల్లా చీరలో ఒకటో రెండో పోగులు ముట్టుకుని మళ్లీ లోపలికి దూరాలి. మూడో పోగు పట్టిందా, అటువైపు చుక్క పడుతుంది. దారం బిగిస్తే గుంట. వదులు చేస్తే ఉచ్చు, నడిచేటప్పుడు మెట్టెలు తగులుకుంటాయి. రెండు మీటర్ల పైచిలుకు ఇలాగే, పైన ఒకసారి, కింద ఒకసారి.

ఆవిడొచ్చి చీర తిరగేసింది. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టింది. కళ్లజోడు పెట్టుకుంది.

"ఏటమ్మా, గమ్ముతో అతికించేశావేటి?"

కూడా వచ్చిన ఒడియా ఆవిడ వంగి చూసి "సిలేయి కాహిఁ?" అంది. కుట్టేదీ అని. రెండు భాషల్లోనూ నాకు దక్కిన మెప్పు అదీ. డబ్బుల దగ్గరికొచ్చేసరికి "కనపడని దానికి ఇంతా?" అని యాభై తగ్గించి చేతిలో పెట్టింది.

సందు మొదట్లో మిషను కుర్రాడున్నాడు. పచ్చచీర మీద తెల్లదారంతో పట్టాలు వేసి ఇస్తాడు. 1900లో ఈ ఊరికొచ్చిన రాజావారి చిన్న రైలు పట్టాలు కూడా అంత స్పష్టంగా ఉండేవి కావేమో. అతనితో ఎవరూ బేరమాడరు. కుట్టు కళ్లెదుట ఉంది కదా, లెక్కపెట్టుకోవచ్చు.

ఒక్కసారి మాత్రం మీరు నాకు పేరు తెచ్చారు, కాదనను. పోయినేడు కరెంటు పోయిన సాయంత్రం, తొందరలో దారం బిగించేశాను. పెళ్లికూతురు పీటల మీంచి లేచేసరికి కుచ్చిళ్ల కింద అంచు కొడవలిలా వంగింది. "ఎవరు కుట్టారూ?" అని పందిరంతా అడిగింది. ఈ 20 ఏళ్లలో నా పేరు ఎవరైనా అడిగింది ఆ రోజే.

ఇంకో మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశాను వేరే రాష్ట్రం చేసిన దొరలు మీ దగ్గర నాలుగు రోజులు పని నేర్చుకుని ఉండాల్సింది. మా ఊరు ఇటు ఒడిశాలో, పాతపట్నం అటు తెలుగువైపు పెట్టి, దబ్బనంతో గోనెకుట్టు వేసి పోయారు. ఏ కాగితం తిరగేసినా చేతికి తగుల్తుంది. ఒడియాలో రాసిన మా ఇంటిపేరూ తెలుగులో రాసిన మా ఇంటిపేరూ ఎదురుపడితే ఒకదాన్నొకటి పలకరించవు. ఇంట్లో సంగతి వేరు. మా మనవరాలు తెలుగులో ఎత్తుకున్న మాట ఒడియాలో దించుతుంది, ఎక్కడ మారిందో నాకు అంతుపట్టదు. అది మీ పనే అయ్యుంటుంది. దానికీ ఎవరూ డబ్బులివ్వరు.

ఇంకా తిట్టాలనే కూచున్నాను గానీ, నిన్న పెట్టెలోంచి మా అత్తగారి పట్టుచీర తీశాను. చీర నిక్షేపంగా ఉంది, ఫాల్ మాత్రం నేలకు రాసుకుని చివికిపోయింది. విప్పి కొత్తది వేద్దామని సూది పట్టుకున్నాను. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. ఆ ఫాల్ కుట్టిందీ ఆవిడే. ముడి కోసం తడిమాను. లేదు. తిరగేశాను. కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు పట్టాను. కళ్లజోడు పెట్టుకున్నాను. గంటయింది. విసుగొచ్చి, ఎవరూ లేని ఇంట్లో పైకే అనేశాను:

"సిలేయి కాహిఁ?"

ఇట్లు,
ఇంకా ముడి దొరకని
మీ కూలిమనిషి