సవరణ: ఫైర్‌వాల్‌కు ఎర్ర సిలికాన్ చాలదు

అమలాపురం దగ్గర షెడ్డులో కడుతున్న రెండు సీట్ల విమానం గురించి మొన్న రాసినదాంట్లో, ఫైర్‌వాల్ (ఇంజిన్ మంట కాక్‌పిట్‌లోకి రాకుండా ఆపే రేకు గోడ) సందులు పూడ్చడానికి ఆటోమొబైల్ షాపుల్లో దొరికే ఎర్ర ఆర్‌టీవీ సిలికాన్ (గది వేడికే ఆరి రబ్బరులా గట్టిపడే సీలెంట్) సరిపోతుందని ఉంది. ఆ వాక్యం కొట్టేసి చదవండి. ట్యూబు మీద హై టెంపరేచర్ అని రాసున్నా, అది ఆగేది సుమారు 340 డిగ్రీల సెల్సియస్ వరకే. ఫైర్‌వాల్ తట్టుకోవాల్సింది దాదాపు 1,100 డిగ్రీల మంటను, అదీ 15 నిమిషాలు. ఖరీదైనా సరే, పీఆర్-812 లాంటి ఫైర్‌వాల్ సీలెంటే కొనండి.

పైగా వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. మన కోనసీమ ఉప్పుగాలి చాలదన్నట్టు! కేబుల్ దూరే కన్నం పెద్దదైతే సీలెంట్ కుక్కి ఊరుకోకండి, ముందు స్టీలు షీల్డ్ బిగించండి.

ఫైర్‌వాల్‌కు వాడే స్టెయిన్‌లెస్ స్టీలు రేకు మందం సంగతి మాత్రం రాసినట్టే: 0.38 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.