మా వంటింటి క్యాలెండర్ గారికి

మహారాజశ్రీ క్యాలెండర్ గారికి,

ఫ్రిజ్ పక్కన మేకుకి వేలాడుతూ ఈ ఇంటిని ఏలుతున్న తమరికి, పొయ్యి దగ్గర నిలబడే మనిషి నమస్కరించి రాయునది.

నలుగురం కలిసి అడవి జీవాల కోసం ఏదైనా చేద్దామని క్రితం ఏడాది ఇంట్లో తీర్మానం చేశాం. మీరు ఫ్యాను గాలికి తలూపారు. ఒప్పుకున్నారనుకున్నాం. పొరపాటండి.

మొదట నీటిపక్షుల లెక్కింపుకి వెళ్దామనుకున్నాం. 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోందట. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో పడవెక్కి, కొంగల్ని లెక్కపెట్టి, సాయంత్రానికి ఇంటికి. మీ జనవరి పేజీ చూశాక మాట పడిపోయింది. భోగి, సంక్రాంతి, కనుమ, జగ్గన్నతోట ప్రభల తీర్థం. గోదావరి జిల్లాలో సంక్రాంతికి అల్లుడొస్తుంటే, కొంగల కోసం ఇంటికి తాళం వేసుకుపోయిన అత్తవారింటిని మీరెక్కడైనా చూశారా?

మా మామగారు మాత్రం "ఉల్లంకి పిట్టల్ని కూడా లెక్కపెడతారా?" అని మహా ఆసక్తిగా అడిగారు. ఆ ఆసక్తి చిన్నప్పుడు తిన్న ఇగురు మీద. ఆయన్ని పడవెక్కించకపోవడమే మేం పక్షులకి చేసిన మొదటి సేవ.

కోరింగలో బావురు పిల్లులున్నాయి కదా అన్నాడు మా వాడు. అవి తిరిగేది రాత్రిపూట. రాత్రి వాడికి ట్యూషన్. అదీ అయిపోయింది.

మిగిలినవి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటిని చూస్తే నాకు అసూయండి. రాహుకాలం చూడదు, వర్జ్యం చూడదు. రాత్రి ఇసుకెక్కి, వెనక కాళ్ళతో గొయ్యి తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి, ఇంచుమించు గంటలో పని ముగించుకుని సముద్రంలోకి పోతుంది. పురుడు లేదు, బారసాల లేదు, కాఫీలు అందించే పని అసలే లేదు.

ఆవిడకి గంట చాలు. మాకు నాలుగు శనివారాల్లో ఒక్క రాత్రి దొరకలేదు. మొదటిది పెళ్లి, రెండోది చీటీ పాట, మూడోది కొబ్బరికాయలు దింపేవాళ్ళొచ్చే రోజు, నాలుగోది స్కూల్లో మీటింగు. పాల టిక్కులు, గ్యాస్ బండ తేదీ పోగా మీలో గోరంత జాగా లేదు. ఒక మాటండి, కోప్పడకండి. రోజూ రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా నలుగురం నాలుగు ఫోన్లు పట్టుకు కూర్చుంటాం. అది మీలో ఏ గడిలోనూ ఉండదు. ఎవరూ రాయరు, మీరూ అడగరు.

సరే, ఫిబ్రవరిలో చీటీ పాట ఎగ్గొట్టి పోయాం. పులిహోర డబ్బా, దుప్పట్లు, దోమల అగరొత్తులు, మొత్తం పెళ్లివారి సామాను. ఒడ్డున కాపలా కుర్రాళ్ళు మమ్మల్ని చూసి నవ్వలేదు, పాపం. టార్చికి ఎర్ర కాగితం చుట్టమన్నారు, తెల్ల వెలుగుకి తాబేళ్ళు బెదురుతాయట. మా ఆయన ఆయ్ అన్నారు. పావుగంటలో ఫ్లాష్‌తో సెల్ఫీ తీసుకున్నారు. చీవాట్లు మాత్రం అందరం సమానంగా పంచుకున్నాం. తర్వాత రెండు గంటలు మా సేవ ఏమిటంటే, చిరిగిన వల ముక్కలూ, ప్లాస్టిక్ సీసాలూ ఏరడం. అర్ధరాత్రి దాటాక వాళ్ళకి ఒక గూడు దొరికింది. గుడ్లు హేచరీకి, అంటే కాపలా ఉండే పొదిగే చోటుకి, మార్చి, కొత్త గొయ్యి పక్కన తేదీ రాసిన కర్ర పాతారు. మా వాడు లెక్కపెట్టాడు, 112.

పొదగడానికి 45 నుంచి 60 రోజులు. ఇంచుమించు మన కొబ్బరి దింపుకీ దింపుకీ మధ్య ఎడమంత. ఇంటికొచ్చి వాడు లెక్కేసి, మీ ఏప్రిల్ పేజీలో ఒక గడి చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి "పిల్లలు" అని రాశాడు. ఆ గడిలో అప్పటికే "దింపు" అని ఉంది.

మొన్న మా పెద్దత్తగారు వచ్చి మిమ్మల్ని తిరగేస్తూ ఆగిపోయారు.

"ఎవరికమ్మా పురుడు?"

చెప్పేలోపే మా వాడు అందుకున్నాడు. "112 మంది, మామ్మా."

ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు. "మగా, ఆడా?"

"ఇసుక వేడిని బట్టి. బాగా వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువ."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా చేతిలో పెన్ను లాక్కుని, పురుడు పెట్టుకుని దింపేమిటే అంటూ ఆ మాట కొట్టేశారు.

అందుచేత ఏప్రిల్లో ఆ గీత చూసి నన్ను అనుమానించకండి. అది ఆవిడ చేతివ్రాత.

ఇట్లు,
పొయ్యి దగ్గర మనిషి